పదిహేడు నిమిషాలు

మూడు కాలేజీలు పిలిచాయి మా మేఖలను.
మూడూ ఈ దేశంలోనే.
ఒకటి, అబూ షగారాలో మా బిల్డింగు గేటు నుంచి
పదిహేడు నిమిషాలు,
అదీ స్కూలు బస్సులు రోడ్డెక్కని వేళ అయితే.
ఇంకోటి దుబాయ్‌లో. టోల్ గేట్లు రెండు,
దాటిన ప్రతిసారీ మా కారు కాస్త బీదదవుతుంది.
మూడోది అబూధాబీలో, హాస్టలుంది.
ఆ ఉత్తరం కొంచెం ముభావంగా రాశారు,
సగం ఫీజు తామే భరిస్తామన్న మాట
చివరి పేరాలో దాచి.

పాలకొల్లు నుంచి మా ఆడపడుచు ఫోను:
"మూడూ పేరున్నవేనటగా! అదృష్టవంతులు,
పిల్ల కళ్ళముందే ఉంటుంది."
ఔనొదినా, అన్నాను.
కళ్ళముందే.

మా ఆయన ఏసీ డక్టులకు కొలతలు వేసే మనిషి.
గ్రాఫ్ పేపరు పరిచి గడులు గీశారు:
ర్యాంకు, ఫీజు, బస్సు, భోజనం. పదికి మార్కులు.
కూడితే రెండింటికి ముప్పైన్నర వచ్చింది.
ఒకదానికి భోజనంలో అర మార్కు చెరిపి చూశారు,
మనసొప్పక మళ్ళీ వేసేశారు.

మేఖల నవ్వలేదు.
పెన్సిలు లాక్కుని ఐదో గడి గీసింది,
స్కేలు లేకుండా, వంకరగా.
పైన 'వీసా' అని రాసింది.

"ఇక్కడుంటే నీ వీసా మీదే కదా నాన్నా నేను.
అబూధాబీ వాళ్ళయితే వాళ్ళే తీస్తారు. నాది నాకు."

ఆయన ఆఫీసులో ఈ ఏడు సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి.
పిల్లకి చెప్పలేదు మేం.
కానీ మా గదికీ దాని మంచానికీ మధ్య ఉన్నది జిప్సం బోర్డు.
పక్క వాటాలో మలయాళీ జంట పోట్లాట
మాకెంత తేటగా వినపడుతుందో
మా గుసగుసలూ దానికంతే వినపడ్డాయన్నమాట,
ఎన్ని నెలల నుంచో.

ఆ రాత్రి ఒక్క మాటే నమిలాను: దగ్గర.
దేనికి?
పదిహేడు నిమిషాలు కొలిచింది ఈ ఫ్లాటు నుంచి.
ఈ ఫ్లాటు అద్దె కాగితం ఫిబ్రవరి దాకా.
ఆ తర్వాత పదిహేడు నిమిషాలకు
కాలేజీ వైపు కొస ఒక్కటే మిగలొచ్చు.
ఇది పుట్టింది ఈ ఊళ్ళో, రోలా వెనక చిన్న క్లినిక్కులో.
పుట్టిన ఊళ్ళో ఉండటానికి
పద్దెనిమిదేళ్ళుగా గడువులు పొడిగించుకుంటోంది.
నేనెప్పుడూ ఆ లెక్క
దాని వైపు నుంచి కట్టి చూడలేదు.

శనివారం అబూధాబీ వెళ్ళి హాస్టలు చూశాం.
దారిలో పెట్రోలు బంకు దగ్గర కరక్ చాయ్,
సగం నా చున్నీ మీద.
గదిలో రెండు మంచాలు. కిటికీ బయట
కొత్తగా నాటిన ఖర్జూరం, కర్రల ఊతంతో,
మొదట్లో నల్ల పైపు, బొట్టూ బొట్టూ.
వార్డెన్ ఏదో నిబంధనలు చదువుతోంది.
ఆయన వినటం లేదు.
మునివేళ్ళ మీద లేచి, పైన గ్రిల్లుకి అరచెయ్యి ఆనించి
చాలాసేపు నిలబడ్డారు.
"డక్టు బాగానే వేశారు," అన్నారు.
మేఖల నా వైపు చూసింది.
అదే ఆయన సంతకమని ఇద్దరికీ తెలుసు.

తిరుగుదారిలో వెనక సీట్లోంచి:
"అమ్మా, మీకు క్యాన్సిలయితే
విజిట్ మీద నా దగ్గరికి రండి. నెల రోజులు."
"హాస్టల్లో ఎక్కడ పడుకోబెడతావే?"
"చూద్దాంలే," అంది,
అప్పు అడిగిన వాళ్ళతో వాళ్ళ నాన్న అన్నట్టే.

షార్జా మలుపు దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి.
ఇంటికి ఆరు కిలోమీటర్లు,
ఫోను మాత్రం నలభై నిమిషాలంటోంది.
ముందు ఎర్ర లైట్లు, వెనక తెల్ల లైట్లు.
ఆయన వరస మార్చలేదు, హారను కొట్టలేదు.
దోసెల పిండి పులిసి పొంగిపోతుందని గుర్తొచ్చింది నాకు.
చెప్పలేదు.